జ్వరం, దగ్గు, ఆయాసం: ఫోన్‌లో డాక్టర్‌కు చూపించుకునే పద్ధతి, వరుసగా

దగ్గు, జ్వరం పట్టుకున్నప్పుడు ఫోన్‌లో డాక్టర్‌ని ఎట్లా కలవాలి, ఏం చెప్పాలి అని నల్లగొండ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ వైపు నుంచి చాలామంది అడుగుతున్నారు. యాప్ తెరవడమే అసలు కష్టమని అనుకుంటారు గానీ, అది రెండు నిమిషాల పని. కష్టమంతా వేరే చోట ఉంది. ఫోన్‌లో ఉన్న డాక్టర్ మీ ఛాతీ మీద స్టెతస్కోప్ పెట్టలేరు, నాడి పట్టలేరు. మీరు కొలిచి చెప్పే నాలుగు అంకెలు, మీరు చెప్పే నాలుగు మాటలు తప్ప వారి దగ్గర వేరే ఆధారం ఉండదు. అవి తప్పయితే చికిత్స కూడా తప్పుదారి పడుతుంది. అందుకే ఇందులో కాల్ గురించి కంటే కాల్‌కు ముందు పావుగంట గురించే ఎక్కువ రాశాం.

ఇది 18 ఏండ్లు దాటినవాళ్లకు మాత్రమే. పిల్లలకు శ్వాస లెక్కలు వేరు, మందుల మోతాదులు వేరు.

1. ముందు తేల్చుకోండి: ఇది ఫోన్‌తో తేలేదేనా?

కింద చెప్పినవాటిలో ఏ ఒక్కటి ఉన్నా వీడియో కాల్ కోసం చూడొద్దు. వెంటనే 108కి చేయండి.

- ఒక వాక్యం పూర్తి చేయలేక, మాట మధ్యలో ఆగి ఊపిరి తీసుకోవాల్సి రావడం
- పెదాలు, నాలుక నీలంగానో బూడిద రంగులోనో మారడం
- కదలకుండా కూర్చున్నప్పుడు కూడా ఆక్సిజన్ 90 కంటే తక్కువ ఉండటం
- శ్వాస నిమిషానికి 30 దాటడం
- ఛాతీలో తగ్గని నొప్పి, బిగపట్టినట్టు ఉండటం
- మగతగా ఉండటం, పొంతన లేకుండా మాట్లాడటం, మనుషులను గుర్తుపట్టకపోవడం
- దగ్గితే రక్తం పడటం
- బీపీ పై అంకె 90 కంటే తగ్గడం, లేచి నిలబడితే కండ్లు తిరిగి పడిపోవడం

ఆక్సిమీటర్ ఇంట్లో లేదని, బ్యాటరీ అయిపోయిందని ఆగకండి. మనిషి ఆయాసపడుతున్నది కంటికి కనిపిస్తుంటే అంకెతో పని లేదు.

108కి ఊరి పేరు ఒక్కటే చెబితే సరిపోదు. ఒకే పేరుతో ఊళ్లు చాలా ఉన్నాయి. మండలం పేరు, తండా అయితే అది ఏ గ్రామ పంచాయతీలో ఉందో, దగ్గరలో గుడో, బడో, చెరువు కట్టో ఏముందో చెప్పండి. బండి వచ్చేదాకా మనిషిని పడుకోబెట్టకుండా, వీపు వెనక దిండ్లు పెట్టి కూర్చోబెట్టండి. మగతగా ఉండి కూర్చోలేకపోతే మాత్రం పక్కకు ఒత్తిగిల్లేలా పడుకోబెట్టండి. పాత చీటీలు, వాడే మందులు ఒక సంచిలో వేసి పెట్టండి.

మన దగ్గర ప్రత్యేకంగా గుర్తుంచుకోవాల్సింది ఇంకొకటి ఉంది. పత్తికో మిరపకో పురుగుమందు కొట్టి వచ్చినరోజే ఆయాసం మొదలై, దాంతోపాటు నోట్లో నీళ్లు ఊరడం, విపరీతమైన చెమట, కంటిపాప చిన్నదైపోవడం, కండరాలు అదరడం ఉంటే అది వైరస్ కాదు, పురుగుమందు విషం. ఆ డబ్బా వెంట పట్టుకొని 108లో వెళ్లాలి.

2. ఫోన్ చేసినా, అదే రోజు దవాఖానకు పోవాల్సినవాళ్లు

ఈ వరుసలో ఉన్నవాళ్లకు ప్రమాదం ఇంకా ముంచుకు రాలేదు, కానీ ఫోన్‌తో తేలే వ్యవహారమూ కాదు.

- ఆక్సిజన్ 90 నుంచి 93 మధ్య ఉన్నవాళ్లు
- శ్వాస నిమిషానికి 24 నుంచి 30 మధ్య ఉన్నవాళ్లు
- గర్భిణులు, జ్వరంతోపాటు కొంచెం ఆయాసం ఉన్నా
- నీళ్లు కూడా కడుపులో నిలవనివాళ్లు, మూత్రం బాగా తగ్గినవాళ్లు
- డయాలసిస్, కీమోథెరపీ చేయించుకుంటున్నవాళ్లు, అవయవ మార్పిడి జరిగినవాళ్లు
- జ్వరం పూర్తిగా తగ్గి, ఒకటి రెండు రోజుల తర్వాత మళ్లీ ఎక్కువగా వచ్చినవాళ్లు

చివరిది చాలామంది పట్టించుకోరు. వైరస్ తగ్గుముఖం పట్టాక ఊపిరితిత్తుల్లో బ్యాక్టీరియా చేరి నిమోనియా వస్తే ఇట్లాగే మొదలవుతుంది. ఛాతీ ఎక్స్‌రే లేకుండా తేల్చడం కష్టం.

ఆక్సిజన్ తగ్గినవాళ్లు ఆక్సిజన్ ఉన్న చోటికే నేరుగా వెళ్లాలి. దేవరకొండ, మిర్యాలగూడ ఏరియా దవాఖానలు గానీ, నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తిల్లో మెడికల్ కాలేజీలకు అనుబంధంగా ఉన్న జనరల్ దవాఖానలు గానీ. ఊళ్లో సూది వేయించుకొని రేపు చూద్దామనుకుంటే రాత్రికి రాత్రే పరిస్థితి మారిపోవచ్చు.

పై రెండు జాబితాల్లో లేనివాళ్లకు, అంటే జ్వరం, సర్ది, దగ్గు, గొంతు నొప్పి, ఒళ్లు నొప్పులు ఉండి, తేలికగా మాట్లాడగలిగి, నీళ్లు తాగగలిగేవాళ్లకు టెలీమెడిసిన్, అంటే ఫోన్‌లో డాక్టర్‌కు చూపించుకోవడం, బాగా పనికొస్తుంది. బస్సులో పక్కవాళ్లకు అంటించకుండా, వరుసలో గంటలు కూర్చోకుండా పని అవుతుంది.

3. చేతికి అందేలా పెట్టుకోవాల్సినవి

- డిజిటల్ థర్మామీటర్
- వేలికి పెట్టే పల్స్ ఆక్సిమీటర్. లేకపోతే ఆశా కార్యకర్తను గానీ, పల్లె దవాఖానలో గానీ అడగండి
- ఉంటే బీపీ మిషన్, షుగర్ ఉన్నవాళ్లకు గ్లూకోమీటర్
- సెకన్ల ముల్లు ఉన్న గడియారం లేదా ఫోన్‌లో టైమర్
- ఇప్పుడు వాడుతున్న అన్ని గోలీల షీట్లు. పేరు గుర్తుంటుందిలే అనుకోకుండా షీట్లే పెట్టుకోండి
- పాత చీటీలు, ఈ మధ్య చేయించిన రక్తపరీక్షల కాగితాలు
- ఒక తెల్ల కాగితం, పెన్ను

4. కొలతలు: ఇక్కడ తొందరపడొద్దు

ముందు మనిషిని 5 నిమిషాలు కదలకుండా కూర్చోబెట్టండి. బాత్‌రూమ్ నుంచి వచ్చిన వెంటనే, దగ్గు తెర అయిపోయిన వెంటనే కొలిస్తే ప్రతి అంకె తప్పే వస్తుంది.

జ్వరం. నోట్లో పెట్టేట్టయితే చాయ్ గానీ చల్లనీళ్లు గానీ తాగి అరగంట గడిచి ఉండాలి. చంకలో పెట్టేట్టయితే చెమట తుడిచి, థర్మామీటర్ కొన చర్మానికి ఆనేలా పెట్టి, బీప్ వచ్చేదాకా చెయ్యి బిగించి ఉంచాలి. నోట్లో కంటే చంకలో అంకె కొంచెం తక్కువ చూపిస్తుంది. కాబట్టి మీరు కలపడం, తీసేయడం చేయకుండా "చంకలో 100.6" అని ఉన్నదున్నట్టు చెప్పండి. పొలం నుంచి ఎండలో వచ్చినవాళ్ల నుదుటికి థర్మామీటర్ గన్ పెడితే లేని జ్వరం కనిపిస్తుంది. నీడలో అరగంట కూర్చున్నాక చూడాలి. నోట్లో 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్, ఆపైన ఉంటే జ్వరం కింద లెక్క.

గోలీ వేసుకున్నాక కొలిస్తే అంకె తగ్గి ఉంటుంది. వీలైతే గోలీకి ముందే కొలవండి. వేసేసుకుంటే ఎన్ని గంటలకు వేసుకున్నారో రాయండి.

శ్వాస. ఇంట్లో ఎవరూ లెక్కపెట్టనిది ఇదే. ఏ పరికరమూ అక్కర్లేదు. మనిషిని వాలుగా కూర్చోబెట్టి, పొట్ట దగ్గర చీర కొంగో తువ్వాలో లేచి పడటం చూడండి. ఒకసారి లేచి పడితే ఒకటి. 30 సెకన్లు లెక్కపెట్టి రెండుతో గుణించకండి, పూర్తిగా 60 సెకన్లు లెక్కపెట్టండి. "నీ ఊపిరి లెక్కపెడుతున్నా" అని చెబితే ఎవరైనా తెలియకుండానే నిదానంగా తీసుకుంటారు. నాడి చూస్తున్నట్టు చెయ్యి పట్టుకొని, చూపు పొట్ట మీద పెట్టండి. పెద్దవాళ్లకు 12 నుంచి 20 మామూలు.

ఆక్సిజన్. ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే. వరుసగా చేయండి.

- చూపుడు వేలు గానీ మధ్య వేలు గానీ ఎంచుకోండి. నెయిల్ పాలిష్, నల్ల మెహందీ ఉంటే తీసేయండి, లేదా అవి లేని వేలికి పెట్టండి.
- చెయ్యి చల్లగా ఉంటే రెండు అరచేతులు రుద్ది వేడి చేయండి. పొద్దుగాల చలిలో చల్లబడ్డ వేలికి తప్పు అంకె చూపిస్తుంది.
- చెయ్యి బల్ల మీదో తొడ మీదో ఆనించి కదపకుండా ఉంచండి. మాట్లాడించొద్దు.
- పెట్టగానే వచ్చే అంకె నమ్మొద్దు. 89, 92, 95 అని ఎగురుతూ పోతుంది. కనీసం అరనిమిషం ఆగి, ఐదు సెకన్లు మారకుండా నిలిచిన అంకె రాయండి.
- ఎస్‌పీఓ2 అని ఉన్నది ఆక్సిజన్, పీఆర్ అని ఉన్నది నాడి. నాడి 78ని ఆక్సిజన్ అనుకొని భయపడేవాళ్లు చాలామంది.
- తెరను ఏ వైపు నుంచి చూస్తున్నారో గమనించండి. ఎదురుగా కూర్చొని తలకిందులుగా చూస్తే 98 కాస్తా 86లా కనిపిస్తుంది. దానికంటే ప్రమాదం, 86 కూడా 98లా కనిపిస్తుంది. ఎస్‌పీఓ2 అన్న అక్షరాలు నిటారుగా కనిపిస్తేనే అంకె సరైన వైపు ఉన్నట్టు.
- తక్కువ వస్తే ఇంకో చేతి వేలికి పెట్టి చూడండి. సందేహం ఉంటే ఇంట్లో ఆరోగ్యంగా ఉన్నవాళ్ల వేలికి పెట్టండి. వాళ్లకూ 90 చూపిస్తే తేడా మిషన్‌లో ఉన్నట్టు.

94, ఆపైన ఉంటే ఫోన్ కాల్ సరిపోతుంది. కానీ చర్మం రంగు ముదురుగా ఉన్నవాళ్లకు ఆక్సిమీటర్ ఉన్నదానికంటే ఒకటి రెండు ఎక్కువ చూపించవచ్చు. కాబట్టి 94 దగ్గర ఊగుతూ మనిషి నీరసంగా ఉంటే నిమ్మళంగా ఉందనుకోకండి. ఏండ్ల తరబడి ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్లకు మామూలు రోజుల్లోనే అంకె తక్కువ ఉండొచ్చు. వాళ్లు రోజూ ఉండే అంకె ఎంతో డాక్టర్‌కు చెప్పాలి.

నాడి, బీపీ, షుగర్. నాడి ఆక్సిమీటర్‌లోనే వస్తుంది. జ్వరంలో పెరుగుతుంది. కూర్చున్నా 120 దాటి తగ్గకుండా ఉంటే అదే రోజు దవాఖానకు. షుగర్ ఉన్నవాళ్లు తప్పకుండా చూసుకోవాలి, జ్వరం వస్తే షుగర్ పెరుగుతుంది.

5. ఒకే కాగితం మీద రాయండి

- పేరు, వయసు, బరువు
- మొదటి లక్షణం ఏ రోజు, ఏ పూట మొదలైంది. "నాలుగు రోజులుగా" అనేకంటే "సోమవారం సాయంత్రం నుంచి" అని
- నిన్నటికీ ఇవాళ్టికీ తేడా: పెరిగిందా, తగ్గిందా
- కొలతలు, కొలిచిన సమయం
- షుగర్, బీపీ, గుండె, కిడ్నీ, ఆస్తమా, పాత టీబీ. గర్భం ఉంటే ఎన్నో నెల
- ఏ మందు పడదు. గతంలో దద్దుర్లు, వాపు వచ్చిన మందు పేరు
- ఈ జ్వరానికి ఇప్పటికే వేసుకున్నవి, వేయించుకున్న సూదులతో సహా
- ఇంట్లో, పనిచోట ఇంకెవరికైనా ఉందా
- పని: రైస్ మిల్లు, జిన్నింగ్ మిల్లు, క్వారీ, క్రషర్. దుమ్ములో పనిచేసేవాళ్ల దగ్గును డాక్టర్ వేరేగా చూస్తారు
- బీడీ, సిగరెట్, మందు అలవాటు

ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకున్న సంగతి చెప్పడానికి చాలామంది మొహమాటపడతారు. డాక్టర్ తిడతారని దాచొద్దు. ఆ సూదిలో స్టెరాయిడ్ ఉంటే జ్వరం తాత్కాలికంగా అణిగిపోతుంది, షుగర్ ఎగబాకుతుంది. ఆ సంగతి తెలియకపోతే డాక్టర్ మీకు నయమవుతోందని పొరబడతారు.

6. ఏ దారిలో డాక్టర్‌ని కలవాలి

ఇంటి నుంచి ఈ-సంజీవని. కేంద్ర ప్రభుత్వం ఉచితంగా నడిపే సేవ. 2020 ఏప్రిల్‌లో ఇంటి నుంచే చూపించుకునే వీలు మొదలైంది. మొబైల్ నంబర్, ఓటీపీతో లోపలికి వెళ్లి, రోగి వివరాలు నింపి, టోకెన్ తీసుకొని వరుసలో ఉండాలి. కాల్ అయ్యాక మందుల చీటీ ఫోన్‌కే వస్తుంది.

ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు: హైదరాబాద్‌లోనో ముంబైలోనో పనిచేసే కొడుకు తన పేరు, తన వయసుతో నమోదై ఊళ్లో ఉన్న తల్లి గురించి మాట్లాడతాడు. 62 ఏండ్ల మనిషికి రావాల్సిన చీటీ 30 ఏండ్ల కొడుకు పేరు మీద వస్తుంది. రోగి పేరు, వయసుతోనే నమోదు చేయండి. కాల్ సమయంలో రోగి కెమెరా ముందు ఉండాలి. కొడుకు దూరంగా ఉంటే, ఊళ్లో పక్కింటివాళ్లో ఆశా కార్యకర్తో అమ్మ దగ్గర కూర్చొని కాల్ చేయించడం మేలు.

పల్లె దవాఖాన నుంచి. స్మార్ట్‌ఫోన్ లేనివాళ్లకు, సిగ్నల్ అందనివాళ్లకు ఇదే సరైన దారి. అక్కడి సిబ్బంది కొలతలు తీసి, ఈ-సంజీవనిలోనే పెద్ద డాక్టర్‌తో కలుపుతారు. అక్కడున్న మందులు అక్కడే ఇస్తారు. అమ్రాబాద్, పదర వైపు నల్లమల ఊళ్లకు, చందంపేట తండాలకు ముందుగా ఆలోచించాల్సింది దీన్నే. మాస్కు పెట్టుకొని, బయట నీడలో కూర్చొని, లోపలివాళ్లకు దగ్గు, జ్వరం అని ముందే చెప్పండి.

మీకు తెలిసిన డాక్టర్ లేదా ప్రైవేటు దవాఖాన వీడియో. మీ పాత జబ్బులు తెలిసిన డాక్టర్ అయితే అంతకంటే మంచిది లేదు. వాట్సాప్ వీడియో అయినా పనికొస్తుంది.

2020 మార్చి 25న వచ్చిన టెలీమెడిసిన్ నిబంధనల ప్రకారం డాక్టర్ తమ పేరు, రిజిస్ట్రేషన్ నంబర్ చెప్పాలి, చీటీ మీద ఉండాలి. మొదటిసారి చూసే రోగికి వీడియోలో చూస్తేనే రాయగలిగే మందులు కొన్ని ఉన్నాయి. ఉత్త మాటల కాల్‌లో పారాసిటమాల్ లాంటి మామూలు మందులకు మించి రాయలేరు. అందుకే మొదటి కాల్ వీడియోలోనే చేయండి.

మోసాల గురించి ఒక మాట. దవాఖాన నంబర్ కోసం వెతికితే పైన కనిపించే నంబర్ దొంగది కావచ్చు. "పది రూపాయలు కట్టి బుక్ చేసుకోండి" అని లింకు పంపినా, స్క్రీన్ చూపించే యాప్ వేసుకోమన్నా వెంటనే కాల్ పెట్టేయండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి చెప్పండి.

7. కూర్చునే చోటు

వెలుతురు మొహం మీద పడాలి, వీపు వెనక కిటికీ ఉండొద్దు. ఫోన్ చార్జింగ్ సగానికి పైన ఉండాలి. టీవీ, ఫ్యాన్ ఆపండి. ఫోన్‌ను చెంబుకో డబ్బాకో ఆనించి నిలబెడితే చేతులు ఖాళీగా ఉంటాయి.

సిగ్నల్ కోసం జ్వరం ఉన్న మనిషిని మిద్దె ఎక్కించొద్దు. మెట్లు ఎక్కిన ఆయాసం, జబ్బు ఆయాసం రెండూ కలిసిపోయి డాక్టర్‌కు ఏదీ అర్థం కాదు. సిగ్నల్ ఉన్న చోట ముందే కుర్చీ వేసి, పావుగంట ముందు తీసుకెళ్లి కూర్చోబెట్టండి. వీడియో తెగిపోతుంటే మొహం చూపించిన తర్వాత వీడియో ఆపి మాటతో కొనసాగించవచ్చా అని అడగండి.

8. మొదటి నిమిషంలో చెప్పాల్సింది

"రెండు రోజుల నుంచి పానం బాగలేదు సార్" అని మొదలుపెడితే డాక్టర్ ఇరవై ప్రశ్నలు అడగాల్సి వస్తుంది. కాగితం చూసి ఇట్లా చెప్పండి:

"నమస్తే మేడం. మా అమ్మకు 62 ఏండ్లు. మంగళవారం రాత్రి నుంచి జ్వరం, పొడి దగ్గు, ఒళ్లు నొప్పులు. షుగర్ పదేండ్ల నుంచి ఉంది, మెట్‌ఫార్మిన్ వాడుతుంది. ఇప్పుడు చంకలో జ్వరం 101.2, గోలీ వేసి ఆరు గంటలైంది. శ్వాస నిమిషానికి 20. ఆక్సిజన్ 96, నాడి 98. తిన్న రెండు గంటలకు షుగర్ 240. నిన్నటికంటే దగ్గు పెరిగింది. నడిస్తే ఆయాసం లేదు. నిన్న ఊళ్లో ఒక సూది వేయించినం, పేరు తెలియదు. అమ్మ పక్కనే ఉంది, మాట్లాడుతుంది."

తర్వాత ఫోన్ అమ్మకే ఇవ్వండి. ఆమె ఆగకుండా మాట్లాడుతుందా, మెడ కండరాలు బిగుస్తున్నాయా అన్నది డాక్టర్ చూసే పరీక్షల్లో ఒకటి. "నువ్వు ఊకో, నేను చెప్త" అని కొడుకే అంతా మాట్లాడితే ఆ పరీక్ష జరగనట్టే.

"దమ్మొస్తుంది" అన్న మాటను విడమర్చి చెప్పాలి. ఏ పని చేస్తే వస్తుంది? బాత్‌రూమ్ దాకా నడిస్తేనా, పడుకుంటేనా, ఉత్తగ కూర్చున్నా వస్తుందా? నిన్న చేయగలిగిన ఏ పని ఇవాళ చేయలేకపోతున్నారు? తెమడ ఉంటే దాని రంగు, రక్తపు చారలు ఉన్నాయా లేదా చెప్పండి.

9. డాక్టర్ చేయించే పనులు

గొంతు చూపించమనవచ్చు. టార్చి వేరే ఫోన్‌తో పక్క నుంచి కొట్టండి. కొన్ని నిమిషాలు నడిపించి మళ్లీ ఆక్సిజన్ చూడమనవచ్చు. నడకతో 94 కంటే పడిపోతే దవాఖానకు పంపుతారు. ఈ నడక పరీక్ష సొంతంగా చేయొద్దు, ముఖ్యంగా ఆస్తమా, గుండె జబ్బు ఉన్నవాళ్లు.

పరీక్షల సంగతి. ఏ వైరస్సో తేల్చే పరీక్ష అందరికీ అక్కర్లేదు. స్వైన్ ఫ్లూ విషయంలో మన ప్రభుత్వ మార్గదర్శకాలే రోగులను ఏ, బీ, సీ అని విడదీసి, ఆయాసం, ఛాతీ నొప్పి లాంటివి ఉన్న సీ వర్గానికే పరీక్ష, చేరిక అంటాయి. స్వల్ప లక్షణాలవాళ్లకు పరీక్ష ఫలితంతో చికిత్స మారదు.

ముక్కు కారడం, దగ్గు లేకుండా ఉత్త జ్వరం, కండ్ల వెనక నొప్పి ఉంటే డెంగీ మాట డాక్టర్‌ను అడగండి. డెంగీ తేల్చడానికి మొదటి ఐదు రోజుల్లో ఎన్‌ఎస్1 అనే రక్తపరీక్ష, ఆ తర్వాత ఐజీఎం అనే రక్తపరీక్ష పనికొస్తాయి. జ్వరం వచ్చిన రెండో రోజే టైఫాయిడ్ కోసం విడాల్ అనే రక్తపరీక్ష చేయించి "టైఫాయిడ్ పాజిటివ్" అని యాంటీబయాటిక్ మొదలుపెట్టడం మన దగ్గర చాలా జరుగుతుంది. మొదటి వారంలో ఒక్క విడాల్ పరీక్షను నమ్మడానికి లేదు.

కాల్ పెట్టేసే ముందు ఈ నాలుగూ అడగండి:

- నాకు ఏమై ఉండొచ్చు?
- ఏ మార్పు కనిపిస్తే దవాఖానకు పోవాలి?
- మళ్లీ ఎప్పుడు కాల్ చేయాలి?
- బీపీ, షుగర్ మందులు యథాతథంగా వాడాలా?

10. చీటీ వచ్చాక: మందుల దగ్గర తప్పులు

పారాసిటమాల్ రెండింతలు కావడం. 650 మి.గ్రా. గోలీ వేస్తూనే సర్ది గోలీ కూడా వేస్తారు. చాలా సర్ది గోలీల్లో పారాసిటమాల్ ఉంటుంది. షీటు వెనక చదవండి. మోతాదుల మధ్య 6 గంటల ఎడం ఉంచి, 650 గోలీ రోజుకు నాలుగుకు మించొద్దు. లివర్ జబ్బు, రోజూ తాగే అలవాటు ఉన్నవాళ్లకు ఇంకా తక్కువ, డాక్టర్‌నే అడగాలి.

ఒళ్లు నొప్పులకు డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్. డెంగీ కాదని తేలేదాకా వద్దు, రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు ఎప్పుడూ వద్దు.

అజిత్రోమైసిన్ అడిగి మరీ రాయించుకోవడం. వైరస్ మీద యాంటీబయాటిక్ పనిచేయదు. డాక్టర్ రాయలేదంటే పట్టించుకోలేదని కాదు, ఆలోచించే రాయలేదు.

స్టెరాయిడ్ గోలీలు. ఆక్సిజన్ తగ్గని కోవిడ్ రోగికి డెక్సామెథాసోన్ వల్ల మేలు లేదని 2020లో బ్రిటన్‌లో జరిగిన రికవరీ అధ్యయనంలో తేలింది. చీటీలో లేకుండా షాపులో ఇస్తే తీసుకోవద్దు. ఆస్తమాకు డాక్టర్ రాసినవి మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు.

ఫ్లూ మందు ఆలస్యం కావడం. ఒసెల్టామివిర్ లక్షణాలు మొదలైన 48 గంటల్లోపు మొదలుపెడితేనే బాగా పనిచేస్తుంది. 65 దాటినవాళ్లు, గర్భిణులు, షుగర్, గుండె, ఊపిరితిత్తుల జబ్బులు ఉన్నవాళ్లు అందుకే మొదటి రోజో రెండో రోజో కాల్ చేయాలి. నాలుగు రోజులు కషాయం తాగి చూసి, తర్వాత చేయడం కాదు. ఈ మందు కూడా డాక్టర్ రాస్తేనే.

ముక్కుదిబ్బడ గోలీలు. బీపీని పెంచేవి ఉన్నాయి. సర్ది గోలీలతో నిద్ర ముంచుకొస్తుంది. వేసుకొని ట్రాక్టర్, బండి నడపొద్దు. ప్రొస్టేట్ సమస్య ఉన్న పెద్దాయనకు మూత్రం బిగుసుకుపోవచ్చు.

ఆవిరి. మరిగే గిన్నె మీదికి వంగి దుప్పటి కప్పుకుంటే గిన్నె ఒలికి తొడలు కాలిన సంఘటనలు ఎన్నో. ఆవిరితో వైరస్ చావదు, ముక్కుకు కాసేపు హాయి అంతే. పట్టాలనుకుంటే గిన్నెను పొయ్యి మీద నుంచి దింపి, బల్ల మీద కదలకుండా పెట్టి, దూరంగా కూర్చోండి.

సెలైన్ సీసా. నోటితో తాగగలిగే మనిషికి అక్కర్లేదు. గంజి, పలుచటి అంబలి, మజ్జిగ, నీళ్లు చాలు. ఓఆర్‌ఎస్ అయితే పెద్ద ప్యాకెట్ మొత్తం ఒక లీటరు నీళ్లలో కలపాలి, సగం సగం కలపొద్దు. గుండె, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు ఎంత తాగాలో డాక్టర్‌ను అడగాలి.

11. తర్వాతి రోజులు

జ్వరం, శ్వాస, ఆక్సిజన్, నాడి పొద్దున, మధ్యాహ్నం, రాత్రి పడుకునే ముందు అదే కాగితం మీద రాయండి. ఒక్క అంకె కంటే వరుస ఎక్కువ చెబుతుంది. 97, 96, 95, 94 అని రోజుకొకటి దిగుతుంటే ప్రతి అంకె బాగున్నట్టే కనిపిస్తుంది. కానీ అది దిగుడు. 94 దాకా ఆగకుండా 95 దగ్గరే మళ్లీ కాల్ చేయండి.

కోవిడ్ అని తేలినవాళ్లు ఐదో రోజు నుంచి పదో రోజు దాకా ఇంకా జాగ్రత్తగా చూసుకోవాలి. జ్వరం తగ్గిందని కొలవడం మానేసే రోజులు సరిగ్గా అవే.

వెంటనే మళ్లీ కాల్ చేయాల్సినవి:

- 102 దాటిన జ్వరం మూడు రోజులైనా దిగకపోవడం
- కొత్తగా ఆయాసం, ఛాతీలో పోటు
- మందు వేసుకున్నాక దద్దుర్లు. మొహం వాచినా, గొంతు బిగుసుకున్నా కాల్ కాదు, 108
- షుగర్ 300 దాటి తగ్గకపోవడం

రోగికి కిటికీ ఉన్న గది ఇవ్వండి. ఒకే గది ఇల్లయితే ఆరుబయట వసారాలో మంచం వేసి, ముసలివాళ్లను, గర్భిణులను దూరంగా పడుకోబెట్టండి. చూసుకునే మనిషి ఒక్కరే ఉండాలి, ఇద్దరికీ మాస్కు ఉండాలి. గోలీ లేకుండానే 24 గంటలు జ్వరం రాకుండా, మిగతా లక్షణాలు తగ్గుముఖం పట్టాక పనికి పోవచ్చు. ఆ తర్వాత ఇంకో ఐదు రోజులు జనంలో మాస్కు పెట్టుకోవాలి.

పొడి దగ్గు జ్వరం పోయాక కూడా కొన్నాళ్లు సతాయిస్తుంది. కానీ రెండు వారాలు దాటితే, దాంతోపాటు సాయంత్రం జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం ఉంటే మళ్లీ దగ్గు సిరప్ కొనొద్దు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో తెమడ పరీక్ష చేయించుకోండి, ఉచితం. వివరాలకు టీబీ ఉచిత నంబర్ 1800-11-6666.